కొండ్రాజులంక ఫిన్‌లాండ్

మాఘమాసంలో చదువుల శాఖ పెద్దలు ఏడుగురు ఫిన్‌లాండ్ వెళ్లి వచ్చారు. ప్రపంచంలో అందరికన్నా బాగా చదివేది ఆ దేశం పిల్లలేనట, ఆ కిటుకేదో కనుక్కుని రండి అని పైవాళ్లు పంపారు. వెళ్లినవాళ్లు బళ్లు చూశారు, మంచులో నిలబడి ఫొటోలు దిగారు, ముక్కులు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చి ఒక లావుపాటి నివేదిక సమర్పించారు. నివేదిక ఎంత లావున్నా సారం మాత్రం నాలుగు ముక్కలే.

“అచ్చటి బాలబాలికలు విద్యయందు ఉత్తమ ప్రతిభ కనబరచుచున్నారు. వారందరిలో సమానముగా గల లక్షణము యేమని పరిశీలించగా, వారందరూ ఫిన్‌లాండ్‌లో ఉన్నారని తేలినది. కావున మన బాలబాలికలను కూడా ఫిన్‌లాండ్‌లో ఉంచవలెను.”

ఈ వాదంలో లోపం ఎవరికీ కనబడలేదు. ఖర్చు ఒక్కటే కనబడింది. పిల్లలందరినీ అక్కడికి తీసుకెళ్లడం ఖజానాకి భారం కనుక, ఫిన్‌లాండ్‌నే పిల్లల దగ్గరికి తేవాలని తీర్మానించారు. దానికి “భూగోళానుభూతి పథకం” అని పేరు పెట్టారు. జూన్‌లో బళ్లు తెరిచేసరికి ఉత్తర్వు వచ్చేసింది. ప్రతి బడి ఆవరణలోనూ పిల్లలే తమ చేతులతో ఫిన్‌లాండ్ పటం వెయ్యాలి. వేసిన పటంలోనే కూర్చుని చదవాలి. అడుగున పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక: “పటమును పటముగా భావించరాదు. దేశముగానే భావించవలెను.”

గోదారి మధ్యనున్న కొండ్రాజులంక బడికి కూడా ఆ ఉత్తర్వు పడవ మీద వచ్చింది.

సోషల్ మాస్టారు గంగరాజు గారు కర్ర పుచ్చుకుని ఆవరణంతా తిరిగి ఒక గీత గీశారు. హెడ్మాస్టరు కృపానందం గారు వరండాలోంచి చూసి, “ఏంటయ్యా గంగరాజూ, దేశం గియ్యమంటే వంకాయ గీశావు?” అన్నారు.

“ఆ దేశమే అలా ఉంటుందండి.”

“తొడిమ కూడా ఉంటుందేంటయ్యా?”

చివరికి ఆ పని ఏడో తరగతి కుందన చేతిలో పడింది. కుందన ఒక చేత్తో అట్లాసు, ఒక చేత్తో ముగ్గుచిప్ప పట్టుకుని, ముందు చుక్కలు పెట్టుకుని, ఆ తరవాత చుక్కలు కలుపుకుంటూ వెళ్లింది. అన్నం గంట కొట్టేసరికి ఎండలో తెల్లగా ఒక దేశం తేలింది. సరస్సులకి నీలిమందు చల్లింది. అడవులకి మునగాకు పరిచింది. ఆ చేతికి ఆ వాటం ఎక్కణ్ణుంచి వచ్చిందని లంకలో ఎవరూ అడగక్కర్లేదు. కుందన సూరమ్మ మనవరాలు. సూరమ్మ వేసిన ముగ్గుని తొక్కడానికి ఆ ఊళ్లో కుక్కలు కూడా ఆలోచిస్తాయి.

సూరమ్మకి బడి గేటు ఎదురుగానే ఇల్లు. కొడుకూ కోడలూ నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్లారు. “ఆర్నెల్లే అమ్మా” అని వెళ్లి నాలుగేళ్లయింది. అంతకు చాలా ముందు సూరమ్మ అక్క “పుష్కరాలకి వస్తానే” అని పడవెక్కింది. మొగుడు “పొగాకు డబ్బులు వసూలు చేసుకుని పొద్దుపోయేసరికి వస్తా” అని అదే రేవులో పడవెక్కాడు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. సూరమ్మకి మాత్రం ఒకటే అర్థమైంది. చెయ్యి ఊపి వెళ్లిన మనిషి చెప్పిన రోజుకి రాడు. అందుకని కుందన కిళ్లీకొట్టు దాకా వెళ్లొచ్చినా సరే, వచ్చేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

పటం చూడమని కుందన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సూరమ్మ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

“ఎవరే ఈ పిల్ల?”

“పిల్లేంటి మామ్మా, దేశం.”

“పరికిణీ కట్టుకుంది కదే! ఇదిగో నడుం, ఇదిగో తల. ఒక చెయ్యి పైకెత్తి ఊపుతుంది.” సూరమ్మ గొంతు తగ్గింది. “ఎక్కడికెళ్తుందంట?”

అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు గాని, ఆవిడ అన్నాక అందరికీ ఆడపిల్లే కనబడింది. గంగరాజు మాస్టారు, “ఆ దేశపోళ్లు కూడా ఆడపిల్లనే అంటారంటండి” అన్నారు.

అప్పుడే కృపానందం గారు ఉత్తర్వులో ఆఖరి పేరా చదివి వినిపించారు. రాష్ట్రం మొత్తం మీద మేలైన పటాలు వేసిన పదిమందిని ఏరి రాజధానిలో ప్రత్యేక గురుకులంలో చేర్చుకుంటారు. పదో తరగతి దాకా తిండీ బట్టా చదువూ అంతా వాళ్లదే. ఏడాదికి రెండుసార్లు ఇంటికి పంపుతారు.

అందరూ చప్పట్లు కొట్టారు. కుందన కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడింది. సూరమ్మ కూడా చప్పట్లు కొట్టింది గాని, అందరికన్నా ముందే ఆపేసింది. ‘నీకు వెళ్లాలనుందా’ అని మనవరాల్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఆ పిల్ల ‘ఉంది’ అంటుందేమోనని భయం. అడగలేదు.

మర్నాడు తెల్లారకముందే సూరమ్మ ముగ్గుచిప్ప పట్టుకుని బడి గేటు తోసుకుని వెళ్లింది. తప్పుల పటానికి బహుమతి ఎలాగూ రాదు కదా. పటంలో ఆడపిల్లకి లేని రెండో చెయ్యి వేసింది. ఎడమ చెయ్యి ఎంతుందో కుడి చెయ్యి కూడా అంతే, కొసన చిన్న మెలికతో. వేశాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. తప్పు తప్పుగానే ఉంది, కానీ చూడ్డానికి ప్రాణం హాయిగా ఉంది. ఇప్పుడా పిల్ల వెళ్లొస్తానని చెయ్యి ఊపడం లేదు. ఎత్తుకోమని రెండు చేతులూ చాపుతోంది.

ఆ పూటే పథకం పర్యవేక్షణాధికారి విశ్వంభరరావు గారు తనిఖీకి వచ్చారు. ఆయన ఫిన్‌లాండ్ వెళ్లిన ఏడుగురిలో ఒకరు. అక్కడ కొనుక్కున్న ఉన్ని మఫ్లరు జూన్ ఎండలో కూడా మెళ్లోంచి తియ్యలేదు. పటం చుట్టూ ఒకసారి తిరిగి, కుడి చెయ్యి దగ్గర ఆగిపోయారు.

“ఇదేమి?”

గంగరాజు మాస్టారు ముందుకొచ్చారు. “రెండో చెయ్యి ఉండకూడదండి. ఎవరు వేశారో తెలీదండి. ఆ భాగం రష్యాదండి.”

“రష్యా వారు లిఖితపూర్వకముగా అభ్యంతరము తెలిపినారా?”

“మనకా? లేదండి.”

“తెలుపనంతవరకు అంగీకరించినట్లే. నేను స్వయముగా ఆ దేశమును సందర్శించినప్పుడు కూడా ఏదియో కొరత ఉన్నదని నాకు తోచినది. అది సమతుల్యత అని ఇప్పుడు తెలిసినది. ఈ పటము ఎవరు వేసినారు?”

కుందన “ఆ చెయ్యి నేను...” అని ఏదో చెప్పబోయింది. కృపానందం గారు పళ్లు బిగించి, “సార్ మెచ్చుకుంటుంటే నోరు తెరుస్తావేంటే” అని గొణిగారు.

వారం తిరక్కుండా రాష్ట్రంలోని బళ్లన్నిటికీ సవరణ ఉత్తర్వు వెళ్లింది: “ఫిన్‌లాండ్‌కు ఇకపై రెండు చేతులుండవలెను.” ఒకే చెయ్యి పెట్టి సరిగ్గా గీసిన బళ్లకి సంజాయిషీ నోటీసులు వెళ్లాయి.

ఆ తరవాత పథకం ఊపందుకుంది. పటం దేశమే కనుక, దేశానికి ఉండవలసినవన్నీ ఉండాలన్నారు. కొలత వేసి చూస్తే బడిగంట స్వీడన్‌లో పడింది. పరాయి దేశపు గంటకి మన పిల్లలు లేవనక్కర్లేదని తేల్చారు. మరుగుదొడ్లు రష్యాలో పడ్డాయి. సరిహద్దు దాటాలంటే వారం ముందు అర్జీ పెట్టుకోవాలి, పర్యవేక్షణాధికారి ముద్ర పడిన పాస్ ఉండాలి, నోటిమాట చెల్లదు. ఒకటో తరగతి బుజ్జి అంత కాలం ఆగలేక ఒక మధ్యాహ్నం రష్యాలోకి పరిగెత్తాడు. వాణ్ణి చొరబాటుదారు కింద లెక్కగట్టి బెంచీ ఎక్కించారు.

వంట మరియమ్మ పొయ్యి సరిగ్గా ఉత్తరాన, మంచు ప్రాంతంలో ఉంది.

“మంచుపై పొయ్యి నిషేధము” అన్నారు విశ్వంభరరావు గారు.

“మంచెక్కడండీ? అరికాళ్లు బొబ్బలెక్కిపోతన్నాయి!”

“అది నీ అనుభూతిలోని లోపము.”

మరియమ్మ పొయ్యిని నార్వేలోకి మార్చుకుని, గీత అవతల నుంచే కంచాలు అందించడం మొదలుపెట్టింది. పిల్లలకి ఉన్ని స్వెట్టర్లు వచ్చాయి. చెమటని మంచు కరుగుదల కింద రాసుకోమన్నారు.

ఈ గొడవంతా గుమ్మంలోంచి చూస్తున్న సూరమ్మకి ఒకటే దిగులు. ఎంపిక దగ్గరపడుతోంది. రెండో చెయ్యి బెడిసికొట్టింది కనుక ఇంకేదైనా చెయ్యాలి. రెండోసారి తనిఖీ అనగానే, పొద్దున్నే తన రెండు మేకల్నీ విప్పి బళ్లోకి తోలింది. అవి వెళ్తూనే అడవుల మీద పడి, ఆఫీసరు గారి జీపు పంటు పడవ మీద గోదారి దాటి వచ్చేసరికి దేశంలో సగం మునగాకు మేసేశాయి. మేసినదానికి గుర్తుగా రాజధాని దగ్గర గుప్పెడు పెంటికలు కూడా వేశాయి.

సూరమ్మ ఏమీ తెలియనట్టు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “అయ్యయ్యో, ఎంత పని చేశాయండి! పటమంతా పాడైపోయిందండి బాబూ! ఇంకెందుకు పనికొత్తాదండి!”

విశ్వంభరరావు గారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

“రెయిన్‌డీర్లు” అన్నారు.

“మేకలండి.”

“పటమునకు బయట నున్నప్పుడు మేకలు. పటములో నున్నంతసేపు రెయిన్‌డీర్లే. ఏ జీవి యైనను సరే, గీత దాటి లోనికి వచ్చినచో ఆ దేశపు జీవియే. ఈ పథకమునకు ఇదే మూలసూత్రము. వ్రాసుకొనుడి.”

వెంట వచ్చిన గుమాస్తా రాసుకున్నాడు. ఆ నెల నుంచి ప్రతి బడికీ రెండు మేకలు మంజూరయ్యాయి.

మూడోసారి సూరమ్మ తెగించింది. సాయంకాలం బళ్లో మొక్కలకి నీళ్లు పెట్టే మోటారు వేసి, ‘మర్చిపోయి’ ఇంటికి వచ్చేసింది. తెల్లారేసరికి ముగ్గు చాలావరకు కొట్టుకుపోయింది. పరికిణీ మీద ఎక్కడ పడితే అక్కడ గుంటలు పడి నీళ్లు నిలిచాయి. నీలిమందు కరిగి ఆ నీళ్లన్నీ నీలంగా మెరుస్తున్నాయి. ఒక గుంట ఒడ్డున కప్ప కూడా కూర్చుని ఉంది.

విశ్వంభరరావు గారు జీపు దిగి, పటం అంచున నిలబడి, మఫ్లరు కొసతో కళ్లు తుడుచుకున్నారు. “వేయి సరస్సుల దేశము” అన్నారు గద్గదంగా. “నేను మరల అచ్చటికే వెళ్లినట్లున్నది.”

ఇంకేముంది. కొండ్రాజులంక కుందనకి రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది.

శుక్రవారంనాడు జీపు వచ్చింది. చేరికకి ఆ సాయంత్రంతో గడువు సరి. ఊరంతా గేటు దగ్గర చేరింది. కొట్టుకుపోయిన గీతని మళ్లీ దిద్ది, కుందన మామూలుగానే పటంలో తన చోట, కప్ప ఉన్న సరస్సు పక్కన స్వెట్టరేసుకుని కూర్చుంది. పక్కన గుడ్డసంచిలో బట్టలు సూరమ్మే సర్దింది. సర్దుతున్నంతసేపూ ఒక జత తీసి దాచెయ్యాలనిపించింది. ఒక జత తక్కువైతే వెళ్లడం ఆగదుగా అని మళ్లీ పెట్టేసింది.

విశ్వంభరరావు గారు గొంతు సవరించుకుని ఎంపిక పత్రం చదివారు. “అభ్యర్థిని ఈ జిల్లా పరిధిలో నివసించుచున్న విద్యార్థిని యై ఉండవలెను. సరే. కుందన యను బాలికను...”

“బాబుగారూ, ఓ ముక్క అడగనాండి?”

అడిగింది సూరమ్మ. చీర కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“అడుగుడి.”

“గీత లోపలికొచ్చిన జీవి ఏదైనా ఆ దేశపు జీవేనన్నారు కదండి. మా మేకలు రెయిన్‌డీర్లన్నారు కదండి.”

“అన్నాను. అది మూలసూత్రము.”

“మరి మా పిల్ల ఇప్పుడు ఏ దేశంలో ఉన్నట్టండి?”

విశ్వంభరరావు గారు “భార...” అని మొదలుపెట్టి ఆగిపోయారు. గుమాస్తా ఆయన చెవిలో నోరు పెట్టాడు. రాష్ట్రంలో పిల్లలంతా ఫిన్‌లాండ్‌లో ఉన్నారని మొన్ననే పైకి నివేదిక వెళ్లింది. దానికి సన్మానం కూడా ఖాయమైంది. ఈ ఒక్క పిల్ల ఇక్కడే ఉందంటే, మిగతావాళ్లంతా ఇక్కడే ఉన్నట్టవుతుంది.

“ఫిన్‌లాండ్‌లోనే ఉన్నది” అన్నారాయన చివరికి.

“అయితే మన జిల్లాలో లేనట్టే కదండి.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మరియమ్మ నార్వేలోంచి, “అడిగింది చూడు మా వదిన!” అంది.

ఆయన మొహం గంటుపెట్టుకున్నారు. “చూడమ్మా, తెలియక మాట్లాడుచున్నావు. ఈ బాలిక విదేశమందున్నదని వ్రాసినచో, రేషన్ కార్డులో పేరు తొలగింపబడును. నెలనెలా ఆమె వంతు బియ్యము రాదు. బాగుగా ఆలోచించుకొనుము.”

“రాసేసుకోండి బాబూ. నా కంచంలో సగం పెడతాను.”

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆవిడ గొంతులో వెటకారం లేదు. విశ్వంభరరావు గారు కాసేపు మఫ్లరు పిసుక్కున్నారు. అంతలో ఆయనకొక ఉపాయం తట్టింది.

“ఇందులో చిక్కేమున్నది? అమ్మాయీ, లేచి ఒక్క అడుగు గీత దాటి ఇవతలకు రా. వచ్చినంతనే మన జిల్లా వాసివి. సంతకము పెట్టెదను, జీపెక్కుదువు.”

ఇది సూరమ్మ అనుకోలేదు.

కుందన లేచింది. గుడ్డసంచి భుజాన వేసుకుంది. సరస్సు పక్కగా నడిచి గీత దగ్గరికి వచ్చింది. సూరమ్మ ఆ పిల్ల మొహం చూడలేదు, పాదాలే చూస్తోంది. ‘రాకే’ అని ఒక్క కేక వేస్తే చాలు, ఆగిపోతుంది. నాలిక దాకా వచ్చిన ఆ కేకని మింగేసింది. అందరూ వెళ్తుంటే ఆపుదామనుకుంది. ఎవర్నీ, ఒక్కర్నైనా, నీ ఇష్టమేమిటని అడగలేదు. ఇప్పుడు అడిగే సమయం లేదు. ఆ పాదాలే చెప్పాలి.

కుందన బొటనవేలు ముగ్గుకి సరిగ్గా ఒక వేలెడు దూరంలో ఆగింది.

“రానాండి?” అంది.

“రమ్ము.”

“పాస్ లేదండి.”

“ఏమి?”

“సరిహద్దు దాటాలంటే వారం ముందు అర్జీ పెట్టుకోవాలండి. మీ ముద్రుండాలండి. బుజ్జిగాడు పాస్ లేకుండా దొడ్డికెళ్లాడని బెంచీ ఎక్కించారండి.”

ఎక్కడో వెనకనుంచి బుజ్జి, “అవునండి, నన్నెక్కించారండి!” అని అరిచాడు.

“నేనే చెప్పుచున్నాను కదా, రమ్ము!”

“నోటిమాట చెల్లదండి. అది కూడా తమరే అన్నారండి.”

విశ్వంభరరావు గారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా ఉత్తర్వుల కట్ట తిరగేసి, విచారంగా తలూపాడు. అర్జీ ఇప్పుడు పెడితే పాస్ వచ్చే శుక్రవారానికి వస్తుంది. గడువు ఈ సాయంత్రమే. అన్నీ ఆయన సంతకంతో ఉన్నవే.

ఆయనకి కోపం రావలసింది. రాలేదు. ఆయన కళ్లు మళ్లీ చెమర్చాయి.

“ఇంతటి నిబంధన పాలన నేను ఫిన్‌లాండ్‌లో సైతము చూడలేదు” అన్నారు. “ఈ బాలికకు గురుకులములో నేర్పవలసినదేమియు లేదు.” ఆ మాటే పత్రం మీద రాసి, సంతకం పెట్టి, రెండో స్థానం వచ్చిన బడి ఏదో గుమాస్తాని అడుగుతూ జీపెక్కి వెళ్లిపోయారు.

జనం చెదిరిపోయారు. బడి వదిలేశారు. కుందన మాత్రం గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని పటంలోనే కూర్చుంది. సూరమ్మ గీత అవతల నిలబడి కాసేపు చూసింది.

“ఇంటికి రావేంటే?”

“చెయ్యి నువ్వే వేశావు కదా మామ్మా?”

సూరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? కొసన మెలిక పెడితే నువ్వు కాక ఇంకెవరు?”

“మరి చెరిపెయ్యలేదే?”

“చెరిపేద్దామనే వచ్చాను. బాగుందని వదిలేశాను.” పిల్ల నీళ్ల గుంట వైపు చూసింది. “మోటారు కూడానా?”

“మోటారు మర్చిపోయాను.”

“మామ్మా!”

“సరేలే, మోటారు కూడా.”

ఇద్దరికీ నవ్వొచ్చింది గాని ఎవరూ నవ్వలేదు. సూరమ్మ గీత పక్కనే చతికిలబడింది. ఎన్నాళ్లుగానో అడగని మాట అప్పుడు అడిగింది.

“నీకు వెళ్లాలనుందా?”

“ఆ గురుకులంలో కూడా పటమేనంట మామ్మా. సిమెంటుతో వేశారంట. పటంలోకి వెళ్లడానికి జీపు దేనికి?”

“నిజం దేశానికైతేనో?”

కుందన సరస్సులో నీళ్లని వేలితో కదిపింది.

“నిజందానికైతే వెళ్తాను” అంది కుందన. “పెద్దయ్యాక.”

సూరమ్మ తల ఆడించింది. కాసేపు తలే ఆడిస్తూ ఉంది. తరవాత, “చలంట కదే అక్కడ” అంది.

“చలి సరేగాని మామ్మా, ఉత్తరానున్న ఊళ్లలో చలికాలం అసలు తెల్లారదంట. చాన్నాళ్లు అలా చీకటే అంట.”

“తెల్లారదా!” సూరమ్మ నిజంగానే బెంగపడిపోయింది. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది, తప్పిపోయి మళ్లీ వేసుకుంది. “తెల్లారకపోతే మరి వాకిట్లో ముగ్గు ఏ వేళకి వెయ్యాలే?”

“అక్కడ ముగ్గెవరు వేస్తారు మామ్మా?”

“ఎవరేంటి, నేనే! నిన్నొక్కదాన్నీ పంపిత్తాననుకున్నావా?” అంటూ సూరమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లేచి, పాస్ లేకుండానే సరిహద్దు దాటింది.